ఒక గంట కరెంటు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను "సైన్సు గురించి నాలుగు మాటలు" చెప్పమన్నారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఏం చెప్పాలో తేలక నాలుగు రోజులు కాగితాలు చింపాను. చివరికి, పోయిన సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు మన బస్టాండు దగ్గర టీ అంగట్లో ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నకు జవాబు చెబితే చాలనిపించింది. అతను మన బడిలో నాతోపాటు తొమ్మిది దాకా చదివినవాడే. ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు. పేరు మాత్రం చెప్పొద్దన్నాడు.

అతను అడిగింది ఇది: "ఏం రా, ముప్పై అయిదేండ్లు కరెంటు పనే చేస్తివంట గదా. మా మోటరుకు ఒక గంట కరెంటన్నా ఎక్కువిచ్చిందేమిరా నీ మిషను?"

అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్న నాతోపాటు రైలెక్కి వచ్చింది. దానికి సరైన జవాబు చెప్పాలంటే ముందు 1978లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఆ సంగతి నేను ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఈ మిత్రుడి వాళ్లకు బావి ఉండేది, బావి కింద శెనక్కాయ పంట ఉండేది, బావి మీద ఐదు హార్స్‌పవర్ మోటారు ఉండేది. మోటార్లకు కరెంటు రాత్రిపూట వచ్చేది. ఒక రాత్రి నీళ్లు కట్టడానికి వాడు పోతుంటే నేనూ తోడు పోయాను. వాళ్ల నాయన, నేను మామా అని పిలిచే మనిషి, ఆ రాత్రి ఊళ్లో లేడు.

మోటారు వేశాం. కొంతసేపు తిరిగి ఆగిపోయింది. మళ్లీ వేశాం. మళ్లీ ఆగింది. స్టార్టర్ పదేపదే కొట్టేస్తోంది. కయ్యల్లో సగానికి కూడా నీళ్లు ఎక్కలేదు. ఫిజిక్సులో నాకు మంచి మార్కులు వచ్చేవి. తెలివైనవాణ్ణని నాకు నేనే అనుకునేవాణ్ణి. స్టార్టర్ మూత తీశాను. లోపల కదిలే ఇనుప దిమ్మె వెనక్కి రాకుండా ఒక వేపపుల్ల ఇరికించాను. మోటారు ఆగలేదు. నా తెలివికి నేను మురిసిపోయాను. కాసేపటికి దాని గొంతు మారింది. గుర్రుమంది. తర్వాత కాలిన వార్నిష్ వాసన వచ్చింది. పరిగెత్తుకొచ్చి పుల్ల లాగేసరికి వైండింగు కాలిపోయింది.

మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. మిగిలిన రెండు ఫేజుల మీద మోటారు భారం లాగుతూ మామూలు కంటే ఎంతో ఎక్కువ కరెంటు తీసుకుంటోంది. స్టార్టర్ ఆ సంగతే మాకు పదేపదే చెప్పింది. నేను దాని నోరు నొక్కాను.

మరునాడు మామ వచ్చి, ఎవరు చేశారని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. నా మిత్రుడు "నేనే నాయనా" అన్నాడు. నేను నోరెత్తలేదు. కదిరికి తీసుకెళ్లి రీవైండింగు చేయించడానికి అప్పు చేశారు. ఆ మోటారు తిరిగి బావి మీదికి వచ్చేలోపు పైరు ఎండింది. మరుసటి ఏడు వాడు పదో తరగతికి రాలేదు. ఆ మోటారు ఒక్కటే కారణమని అనను. వానలూ సరిగా లేవు, ఇంట్లో ఇబ్బందులూ ఉన్నాయి. కానీ వాడు కూర్చునే బెంచీ వైపు ఆ ఏడాదంతా నేను చూడలేకపోయాను.

ఇక నేను చేసిన పని సంగతి చెబుతాను. పిల్లలు జాగ్రత్తగా వినాలి. కొంచెం కష్టంగా ఉంటుంది, అర్థం కానంత కష్టం మాత్రం కాదు.

సూర్యుడి నడిబొడ్డులో దాదాపు కోటిన్నర డిగ్రీల వేడి ఉంటుంది. అక్కడ హైడ్రోజన్ పరమాణు కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసి హీలియం అవుతాయి. ఆ కలయికలో పుట్టే శక్తే మన ఎండ. దీన్నే కేంద్రక సంలీనం అంటారు, ఇంగ్లీషులో ఫ్యూజన్. ఆ పనిని భూమి మీద చేద్దామని శాస్త్రవేత్తలు డెబ్బై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. దానికి వాడే ఇంధనాల్లో ఒకటైన డ్యుటీరియం సముద్రపు నీళ్లలోనే దొరుకుతుంది. రెండోది ట్రిటియం, దాన్ని లిథియం నుంచి తయారు చేసుకోవాలి. కానీ సూర్యుడికి ఉన్నంత బరువు మన దగ్గర లేదు. సూర్యుడు తన బరువుతోనే ఆ వాయువును అదిమి పట్టుకుంటాడు. మనం అలా అదమలేం కాబట్టి ఇంకా ఎక్కువ వేడి చెయ్యాలి. పది కోట్ల డిగ్రీలు దాటాలి.

అంత వేడిలో వాయువు వాయువుగా ఉండదు. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. విద్యుదావేశం ఉన్న కణాల గుంపు అవుతుంది. దాన్ని ప్లాస్మా అంటారు. దాన్ని ఏ పాత్రలో పోస్తారు? ఏ లోహం గోడకు తగిలినా గోడ దెబ్బతింటుంది, ప్లాస్మా చల్లబడిపోతుంది. అయితే ఆవేశం ఉన్న కణాలు అయస్కాంత బలరేఖల చుట్టూ తిరుగుతూ వాటిని పట్టుకునే పోతాయి. అందుకని అయస్కాంత క్షేత్రంతోనే పాత్ర కట్టారు. సోవియట్ శాస్త్రవేత్తలు 1950లలో కట్టిన ఆ పాత్ర పేరు టోకమాక్. దాని ఆకారం మీకు బాగా తెలుసు: మధ్యలో బొక్క ఉన్న ఉద్దివడ. వడలో పిండి ఉన్నచోట ప్లాస్మా ఉంటుంది.

ఇక్కడే కరెంటు వస్తుంది. వడ చుట్టూ తీగ చుట్టి క్షేత్రం పెడితే చాలదా అంటే, చాలదు. ఒక్క ఆ క్షేత్రమే ఉంటే కణాలు మెల్లమెల్లగా జరిగి బయటికి పోతాయి. బలరేఖలకు మెలి ఉండాలి. ఆ మెలి ఎలా వస్తుంది? ప్లాస్మాలోనే, వడ చుట్టూ గుండ్రంగా, పెద్ద కరెంటు పారిస్తే వస్తుంది. ఆ కరెంటు చుట్టూ పుట్టే క్షేత్రం, బయటి తీగల క్షేత్రంతో కలిసి, బలరేఖలను పేనిన మోకులాగా మెలితిప్పుతుంది. పైగా ఆ కరెంటే ప్లాస్మాను వేడి కూడా చేస్తుంది, ఇస్త్రీ పెట్టెలో తీగ వేడెక్కినట్టు.

ప్లాస్మాకు వైరు తగిలించలేం కదా, కరెంటు ఎలా పంపుతారు? మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ చూడండి. అందులో రెండు చుట్లు ఉంటాయి. ఒకదానిలో కరెంటు మారితే రెండోదానిలో కరెంటు పుడుతుంది, ఒకదానికొకటి తగలకుండానే. టోకమాక్‌లో వడ బొక్క మధ్యలో మొదటి చుట్టు ఉంటుంది. రెండో చుట్టు ప్లాస్మాయే. ఒకే ఒక్క చుట్టు.

లెక్క వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. మన ఐదు హార్స్‌పవర్ మోటారు తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లు. ఒక చిన్న టోకమాక్‌లో పారే కరెంటు లక్ష ఆంపియర్లకు అటూ ఇటూ. కానీ ఒకసారి ప్లాస్మా కుదురుకున్నాక ఆ కరెంటును నిలబెట్టడానికి చుట్టూ కావలసిన వోల్టేజి రెండు మూడు వోల్టులే. టార్చిలైటులో రెండు సెల్లులు వేస్తే వచ్చేంత. లక్ష ఆంపియర్లు మాత్రం టార్చి సెల్లులు ఇవ్వలేవు, అందుకే ట్రాన్స్‌ఫార్మర్.

ఇందులో ఒక చిక్కుంది. ట్రాన్స్‌ఫార్మర్ పని చెయ్యాలంటే మొదటి చుట్టులో కరెంటు మారుతూనే ఉండాలి. ఎంతకాలం మార్చుకుంటూ పోగలం? ఒక హద్దు చేరాక ఇక మార్చలేం. అక్కడితో ఆ షాట్ ముగుస్తుంది. మేం ఒక్కో ప్రయోగాన్ని షాట్ అంటాం.

మరి కరెంటు ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదా? కాదు. ఇందాక మోకు అన్నాను కదా. మా తాత కిత్తనారతో మోకులు పేనేవాడు. మెలి తక్కువైతే మోకు విడిపోతుంది. మెలి ఎక్కువైతే ఏమవుతుంది? మోకు దానంతటదే వంకర తిరిగి ముడి పడుతుంది. ప్లాస్మా కూడా అంతే. బయటి క్షేత్రం ఎంత బలంగా ఉందో దాన్నిబట్టి కరెంటుకు ఒక హద్దు ఉంటుంది. బలరేఖ వడ చుట్టూ పొడుగ్గా ఎన్నిసార్లు తిరిగితే, అడ్డంగా ఒక చుట్టు పూర్తవుతుంది అని లెక్క కడతాం. ఆ లెక్క అంచు దగ్గర మూడు పైన ఉంటే నిమ్మళం. రెండుకు దిగితే మోకు ముడి పడ్డట్టే.

ముడి పడితే జరిగేదాన్ని డిస్రప్షన్ అంటారు. కొన్ని మిల్లీసెకన్లలో ప్లాస్మాలోని వేడంతా గోడల మీద పడుతుంది. లక్ష ఆంపియర్లు ఒక్కసారిగా పోతాయి. కరెంటు అంత వేగంగా మారితే చుట్టూ ఉన్న లోహంలో కరెంట్లు పుడతాయి, పాత్ర మీద దెబ్బ కొట్టినంత బలం పడుతుంది. కొన్ని ఎలక్ట్రాన్లు పట్టుతప్పి విపరీతమైన వేగం అందుకుని ఒకేచోట పోయి తగులుతాయి. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. మీరు రెప్ప వేసి తెరిచేసరికి వంద మిల్లీసెకన్లు దాటుతాయి.

అందుకని మనిషి చేత్తో ఏదీ చెయ్యలేడు. ముందుగానే అన్నీ అమర్చిపెట్టాలి. కరెంటు కొలవడానికి పాత్ర చుట్టూ ఒక తీగచుట్టను దండలాగా వేస్తాం. దాన్ని రొగోవ్‌స్కీ చుట్ట అంటారు. కరెంటు ఎంత వేగంగా మారుతోందో అది చెబుతుంది. దాన్ని కూడుకుంటూ పోతే కరెంటు ఎంతో తెలుస్తుంది. ప్లాస్మా లోపలికి జరిగిందా, బయటికి జరిగిందా అని చెప్పడానికి ఇంకొన్ని చిన్న చుట్టలు ఉంటాయి. కరెంటు పారే ఏ వలయమైనా వెడల్పు కావాలనే చూస్తుంది. దాన్ని లోపలికి నెట్టి పట్టుకోవడానికి నిలువు క్షేత్రం ఒకటి పెడతాం. కరెంటు పెరిగితే నిలువు క్షేత్రం కూడా దానికి తగ్గట్టు పెరగాలి. ఎక్కువైతే ప్లాస్మా లోపలి గోడకు తగులుతుంది, తక్కువైతే బయటి గోడకు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఈ నిలువు క్షేత్రానికి కరెంటు ఇచ్చే సరఫరా పెట్టెల దగ్గరే గడిచింది.

యంత్రం ఎంత చిన్నదైతే అంత సులువు అనుకుంటారు. తిరగబడి ఉంటుంది. పెద్ద చెరువులో నీటిమట్టం మెల్లగా మారుతుంది, చిన్న తొట్టిలో చటుక్కున మారుతుంది. చిన్న యంత్రంలో ప్లాస్మా మనకిచ్చే వ్యవధి చాలా తక్కువ.

మన దేశంలో ఈ పని 1982లో అహ్మదాబాదులో ఒక కార్యక్రమంగా మొదలైంది. తర్వాత గాంధీనగర్ దగ్గర ప్లాస్మా పరిశోధన సంస్థ అయింది. దాన్ని నిలబెట్టినవారు ప్రొఫెసర్ ప్రెధిమన్ కృష్ణ కా. 1989లో మనవాళ్లే రూపకల్పన చేసి, మనవాళ్లే కట్టిన మొదటి టోకమాక్ అక్కడ పనిచేయడం మొదలుపెట్టింది. దాని పేరు ఆదిత్య. వడ మధ్య నుంచి పిండి మధ్య దాకా కొలిస్తే 75 సెంటీమీటర్లు. పిండి మందం సగం 25 సెంటీమీటర్లు. మన స్టాఫ్ రూములో పట్టే కొలతలే, చుట్టూ ఉండే తీగలకు, సరఫరాలకు మాత్రం పెద్ద హాలు కావాలి. ఆ యంత్రంలో కరెంటు లక్ష ఆంపియర్ల దగ్గర, ఒక షాట్ సెకనులో పదో వంతు దగ్గర నడిచేది. తర్వాత పాత్రను మార్చి దాన్ని ఆదిత్య-యు చేశారు. 2016 డిసెంబరులో అందులో మొదటి ప్లాస్మా వచ్చింది. అదే సంస్థలో అతివాహక తీగలతో కట్టిన ఎస్‌ఎస్‌టి-1 లో 2013లో ప్లాస్మా వచ్చింది.

ఆదిత్య మీద జరిగిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. డిస్రప్షన్ రాకుండా చూసుకోవడమే కాదు, వాళ్లు కావాలనే తెప్పించారు. ప్లాస్మాలోకి కొంచెం హైడ్రోజన్ వాయువు ఊది, అది చెదిరేలా చేశారు. తర్వాత ప్లాస్మా అంచులో ఒక ఎలక్ట్రోడ్ పెట్టి, సరైన క్షణంలో దానికి వోల్టేజి ఇచ్చి, అదే చెదరకుండా ఆపగలిగారు. 2015లో ఆ ఫలితాలు ప్రకటించారు. ముడి ఎప్పుడు పడుతుందో బాగా తెలిస్తేనే, పడేముందు దాన్ని సడలించగలం.

ఇప్పుడు నా రెండో తప్పు చెబుతాను. ఏ ప్రయోగశాలలో అన్నది చెప్పను, ఎందుకంటే తప్పు నాది, దానిది కాదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లు. మరునాడు ఎవరో పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. ఆ రోజు కరెంటును ముందెన్నడూ లేనంత పైకి తీసుకెళ్లి చూపించాలని మాకు ఉబలాటం. సాయంత్రం నుంచి షాట్లు వేస్తున్నాం. నియంత్రణ పెట్టెలో ఒక హద్దు పెట్టి ఉంటుంది. కరెంటు ఆ హద్దు దాటబోతే షాట్‌ను అదే మెల్లగా దించేస్తుంది. ఆ రోజు అది పదేపదే దించేస్తోంది. తెర మీద కరెంటు గీతతోపాటు, పక్కనున్న చిన్న చుట్టల గీతల్లో రంపపు పళ్లలాంటి వణుకు కనబడుతోంది. మాతో ఒక వయసు మళ్లిన టెక్నీషియన్ ఉండేవారు, మేం కాకా అని పిలిచేవాళ్లం. ఆయన గీత చూసి "ఈ రోజుకు చాలు బాబూ" అన్నారు. నేను వినలేదు. ఆ హద్దును పైకి జరిపాను.

తర్వాతి షాట్‌లో కరెంటు లేచింది, వణుకు పెరిగింది, గీత కత్తితో కోసినట్టు కిందికి పడింది. హాలులోంచి దభీమని శబ్దం. లోపల ప్లాస్మా గోడకు తగలకుండా అడ్డం పెట్టే గ్రాఫైట్ పలక ఒకటి పగిలింది. అంటే పాత్ర తెరవాలి. ఒకసారి గాలి చొరబడిందంటే, మళ్లీ శూన్యం చేసి, గోడలు వేడి చేసి, పట్టిన తేమను, మలినాలను వదిలించేసరికి వారాలు పడుతుంది. పెద్దలు వచ్చారు, మూత తీసిన యంత్రాన్ని చూసి పోయారు.

ఆ రాత్రి లాగ్ పుస్తకం నా ముందుంది. "కారణం తెలియదు, డిస్రప్షన్" అని రాస్తే ఎవరూ ఏమీ అనరు. డిస్రప్షన్లు వస్తూనే ఉంటాయి. నాకు కాలిన వార్నిష్ వాసన వచ్చింది. నిజంగానే వచ్చింది. పుల్ల ఇరికించిన స్టార్టర్ కళ్ల ముందు నిలబడింది. "హద్దును పైకి జరిపింది నేను, వద్దన్నా వినకుండా" అని రాసి సంతకం పెట్టాను. చేతులు వణికాయి. తిట్లు పడ్డాయి, కొన్నాళ్లు నన్ను ఆ పెట్టె దగ్గరికి రానివ్వలేదు. కానీ ఆ ఒక్క వాక్యం వల్ల ఆ షాట్ పనికొచ్చింది. ఏ క్షేత్రానికి ఎంత కరెంటు దగ్గర వణుకు మొదలైంది, ఎన్ని మిల్లీసెకన్లకు చెదిరింది అన్నది ఒక లెక్కగా మిగిలింది. తర్వాత ఆ వణుకు కనబడగానే కరెంటు దించే ఏర్పాటు చేసుకున్నాం.

ఈ రంగమంతా నిలబడింది అలాంటి నిజాల మీదనే. 1968లో సోవియట్ వాళ్లు మా టోకమాక్‌లో ఇంత వేడి వచ్చిందంటే పడమటి దేశాలు నమ్మలేదు. అవి రెండు పక్షాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులు. అయినా వాళ్లు బ్రిటిషు శాస్త్రవేత్తలను పిలిచి, మీ లేజరు పరికరాలు తెచ్చుకుని మీరే కొలుచుకోండి అన్నారు. 1969లో వాళ్లు వెళ్లి కొలిచారు. నిజమేనని తేలింది. ఆ తర్వాతే ప్రపంచమంతా టోకమాక్‌లు కట్టడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నా మిత్రుడి ప్రశ్నకు వస్తాను. నా మిషను ఒక గంట కరెంటు ఇచ్చిందా?

ఇవ్వలేదురా. ఒక గంట కాదు, ఒక నిమిషం కూడా ఇవ్వలేదు. మేం నడిపిన యంత్రాలు కరెంటు తిన్నాయే గానీ ఇవ్వలేదు. అవి ఇవ్వడానికి కట్టినవీ కావు, నేర్చుకోవడానికి కట్టినవి. ప్రపంచంలో ఇంతవరకూ ఏ టోకమాక్ కూడా ఊరి లైనుకు కరెంటు ఎక్కించలేదు. ఇంగ్లండులోని జెట్ అనే యంత్రం 2023లో ఒకే షాట్‌లో 69 మెగాజౌళ్ల సంలీన శక్తి పుట్టించింది. అదొక రికార్డు. మన లెక్కలో చెప్పాలంటే 19 యూనిట్లు. మీ ఐదు హార్స్‌పవర్ మోటారు నాలుగైదు గంటలు తిరుగుతుంది. అది కూడా కరెంటు కాదు, వేడి. దాని కోసం ప్లాస్మాలోకి పంపిన శక్తి అంతకంటే ఎక్కువ.

అయితే నేర్చుకున్నదీ తక్కువ కాదు. మేం మొదలుపెట్టినప్పుడు సెకనులో పదో వంతు నిలిస్తే పండగ. 2025 జనవరిలో చైనాలోని ఈస్ట్ యంత్రం ప్లాస్మాను 1,066 సెకన్లు నిలబెట్టింది. మరుసటి నెలలో ఫ్రాన్సులోని వెస్ట్ 1,337 సెకన్లు, అంటే 22 నిమిషాలకు పైగా నిలబెట్టింది. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదాని మీదే ఆధారపడరు. రేడియో తరంగాలు పంపి ఎలక్ట్రాన్లను తోస్తూ కరెంటు నడుపుతారు. స్విట్జర్లాండులోని టిసివి అనే యంత్రం మన ఆదిత్య కంటే కొంచెమే పెద్దది. అందులో 19 చుట్టల కరెంట్లను సెకనుకు 10,000 సార్లు సరిదిద్దే పనిని కంప్యూటరుకు నేర్పించి, 2022లో ప్రకటించారు. బొక్కను బాగా సన్నం చేసి, పుల్లకు గుచ్చిన బత్తాయిలా కట్టే గోళాకార టోకమాక్‌లు కూడా ఉన్నాయి. వాటిలో తక్కువ క్షేత్రంతోనే ఎక్కువ ప్లాస్మాను పట్టుకోవచ్చు, కానీ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్‌కు చోటు చాలా తక్కువ. కరెంటు ఎలా పుట్టించాలి, ఎలా నిలపాలి అన్నదే అక్కడ పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. మీలో ఎవరికైనా పనికొస్తుంది.

మనకు దగ్గర్లోనే ఎన్.పి. కుంట ఉంది. అక్కడ 2016 నాటికే 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పనిచేస్తోంది. అదీ సంలీన శక్తే. సూర్యుడు చేసి పంపుతున్నాడు, పలకలు పట్టుకుంటున్నాయి. ఇప్పుడు చేతిలో ఉన్న ఆ కరెంటును కాదని మా యంత్రం కోసం ఎదురుచూడమని నేను ఏ రైతుకూ చెప్పను. రాత్రిపూట, మబ్బు పట్టినప్పుడు, పొగ లేకుండా నడిచేది ఇంకోటి కావాలి కాబట్టి ఈ పని ఆగకూడదని మాత్రం చెబుతాను.

ఇదంతా ఆ రోజు టీ అంగట్లో అతనికి చెప్పాను. చెప్పి, ఆ స్టార్టర్ సంగతి ఎత్తాను. "మామకు నిజం చెప్పకుండానే ఆయన పోయాడు, నాకు అదే బాధ" అన్నాను. అతను టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "మా నాయనకు ఆ పొద్దే తెల్సురా. స్టార్టరు మూత తీసేంత తెలివి నాకు యాడిదని నవ్వినాడు. వాడు సదువుకునే పిల్లోడు, వాని పేరు ఎత్తొద్దు అన్నాడు."

నేను ఇంకేమీ మాట్లాడలేకపోయాను. నలభై ఏళ్లకు పైగా నేను దాచాననుకున్నది దాచినవాడు ఆయన. నేను చదివింది నా తెలివితోనే అనుకున్నాను. నా మిత్రుడి మౌనం మీద, వాళ్ల నాయన మౌనం మీద కూడా చదివాను.

పిల్లలూ, యంత్రం ఆగిపోతే అది మీకేదో చెబుతోంది. ముందు అది వినండి. పుల్ల ఇరికించకండి. ఒకవేళ ఇరికిస్తే, మరునాడు ఎవరు చేశారని అడిగినప్పుడు మీరే చెప్పండి. మీ బదులు ఇంకొకడు చెప్పే అవసరం రానివ్వకండి.

మన బడి ప్రయోగశాలకు నేను రెండు వస్తువులు తెచ్చాను. ఒకటి, ప్లాస్టిక్ గొట్టం మీద నా చేత్తో చుట్టిన రొగోవ్‌స్కీ చుట్ట. రెండోది, పాతదే అయినా బాగా పనిచేసే ఆసిలోస్కోపు. మాస్టారి సమక్షంలో మోటారు వైరు చుట్టూ ఆ చుట్ట వేసి, మోటారు వేసిన క్షణంలో కరెంటు ఎలా ఎగిసి దిగుతుందో తెర మీద చూడండి. ఒక ఫేజు పోతే ఏమవుతుందో మాత్రం పుస్తకంలో చదవండి, చేసి చూడొద్దు. అది మేం చేసి చూశాం.

ఆ రెండు వస్తువుల మీద దాత పేరు రాయించాలని సంఘం వాళ్లు అడిగారు. నా పేరు వద్దన్నాను. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నా మిత్రుడి పేరు రాయమన్నాను. దానికి మాత్రం అతను ఒప్పుకున్నాడు.